మా చాప మీద చోటు

ఫిబ్రవరి 4

తెల్ల ఓడ ఇంకా అక్కడే ఉంది. పగడపు గట్టు అవతల, నీళ్ళు ముదురు రంగుకి తిరిగే చోట. పొద్దున కల్లు గీయడానికి చెట్లెక్కినవాళ్ళు దిగొచ్చి, బూడిదరంగు ఓడ ఒకటి కూడా వస్తోందని చెప్పారు. మధ్యాహ్నానికి నాకూ కనిపించింది.

రెండూ వచ్చింది బికెనూకా కోసమే. అంటే నాకోసం, తమ్ముడు తెవెయా కోసం. ఆ దీవి మా ఇద్దరిదీ. ఊరికి ఎదురుగా, పడవ వేసుకుని పోతే అన్నం ఉడికేలోగా చేరతాం. దాని పక్కనే లోతైన దారి ఉంది. పెద్ద ఓడ మా సరస్సులోకి రావాలంటే అదొక్కటే దారి. అక్కడ రేవు కడతామని తెల్ల ఓడ వాళ్ళంటున్నారు. రేవు మేం కడతామని బూడిద ఓడ వాళ్ళంటున్నారు. రేవుకి అంత ఎత్తు స్తంభమూ, దాని నెత్తిన గిన్నెలూ ఎందుకని అడిగితే ఇద్దరూ ఒకేలా నవ్వారు.

అమ్మ తవ్విన బబాయి దుంపల గుంటలు అక్కడున్నాయి. నాన్నని మట్టిలో పెట్టింది అక్కడే. ఇద్దరిలో ఏ ఒక్కరు ఒప్పుకోకపోయినా దీవి చేతులు మారదు. తెవెయా ఒప్పుకుంటాడు. పార్లమెంటు మెంబరయ్యాక వాడికి ఒప్పుకోవడం అలవాటైపోయింది. కాబట్టి కాదనాల్సింది నేను.

కాదంటాను. అందులో ఆలోచించేదేముంది?



ఫిబ్రవరి 5

రెండు ఓడలూ ఉన్నాయి.

ఫిబ్రవరి 9

మానియబాలో సభ. ఊరి సావడి నిండా జనం. బూడిద ఓడ నుంచి పెద్ద టోపీ పెట్టుకున్న ఆవిడ వచ్చింది. నీళ్ళ ట్యాంకులు తెచ్చారు, టార్చిలైట్లు తెచ్చారు, కళ్ళద్దాలు తెచ్చారు. కళ్ళద్దాలు పోయిన నెలే తెల్ల ఓడ డాక్టరు ఇచ్చాడని వాళ్ళకెవరూ చెప్పినట్టు లేదు. మా ముసలివాళ్ళు చెబుతారా? రెండో జతా పుచ్చుకున్నారు.

సభకి పెద్ద నబెయా తాత. ఆయన జేబులో ఇప్పుడు రెండు జతలున్నాయి. తెల్ల ఓడ వాళ్ళు మాట్లాడితే వాళ్ళవి పెట్టుకుంటాడు, బూడిద ఓడ వాళ్ళు మాట్లాడితే అవి తీసి ఇవి పెట్టుకుంటాడు.

"తాతా, ఏ అద్దాల్లో బాగా కనిపిస్తోంది?" అని అడిగాను.

"ఎవడు ఎదురుగా కూచుంటే వాడి అద్దాల్లో," అన్నాడు. "నాదేం పోయిందే తెబోరా, చూడ్డమేగా."

టోపీ ఆవిడ నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. దుబాసీ చేత చెప్పించింది, మేం నిజమైన స్నేహితులం, వాళ్ళ మాటలు నమ్మకండి అని. తెల్ల ఓడ కెప్టెనూ అచ్చం ఇదే చెప్పాడు. చెయ్యి కూడా ఇంతసేపే పట్టుకున్నాడు.

తెవెయా పెళ్ళాం రీటా నా వెనకాల కూచుని ఒకటే నవ్వు. "వదినా, నీ పెళ్ళీడులోనైనా ఇంతమంది నీ వెంట పడ్డారా?"

"ఒక్కడే పడ్డాడే. వాడూ కల్లు తాగి పడ్డాడు."

నవ్వాను గానీ చెయ్యి ఇంటికొచ్చి కడుక్కున్నాను. ఎందుకు కడిగానో.

ఫిబ్రవరి 17

తెల్ల ఓడ వాళ్ళు ఒక కుర్రాణ్ణి ఊళ్ళో దింపారు. నీళ్ళు శుభ్రం చేసే మిషను చూసుకోవడానికట. వాడి పేరు మాకెవరికీ నోరు తిరగదు. మా భాష ఓడలో కూచుని నేర్చుకున్నాడట. చర్చిలో పాస్టరు ప్రార్థన చెప్పినట్టు మాట్లాడతాడు. "దయచేసి నాకు దాహము తీర్చుకొనుటకు బోండాము లభించునా" అంటే పిల్లలు వాడి వెనకాలే పడి రోజంతా దాన్నే పాట చేసి పాడారు. పాపం, వాడూ వాళ్ళతో కలిసి పాడాడు.

ఇవాళ చేప మిగిలింది కాబట్టి వాడికి పెట్టాను.

ఫిబ్రవరి 18

మళ్ళీ చేప మిగిలింది.

ఫిబ్రవరి 26

రేడియోలో తెవెయాతో మాట్లాడాను. రాజధానిలో, తరవాలో, వాన పడుతోందట. వాన గురించి, కోళ్ళ గురించి, రీటా పంటినొప్పి గురించి మాట్లాడాక అసలు సంగతికొచ్చాడు.

"అక్కా, మనం కాదంటే వీళ్ళు ఊరుకుంటారా? ఎవడో ఒకడు ఎలాగో వస్తాడు. ఆ వచ్చేవాడేదో మనం పిలిచినవాడైతే మంచిది కదా."

"నువ్వు పిలిచింది ఎవర్నిరా?"

"తెల్ల ఓడ వాళ్ళు మంచివాళ్ళక్కా. మంత్రివర్గంలో కూడా..."

"ఓహో. నీకు మంత్రి పదవి కావాలి, దానికి నాన్న సమాధి కావాలి."

"అలా అనకక్కా. ఎలాగూ సముద్రం మింగేసేదే కదా ఆ దీవి. ఇరవై ఏళ్ళో ముప్పయ్యేళ్ళో."

రేడియో కట్టేశాను. సముద్రం మింగితే మింగనీ. సముద్రం నా చెయ్యి పట్టుకుని స్నేహితులం అనదు.

కానీ వాడన్నది నిజమైతే? నేను పట్టుకుని వేలాడుతున్నది మునిగిపోయే మట్టినే అయితే?

మార్చి 3

పెద్ద పోటు వచ్చింది. బికెనూకాలో దక్షిణం వైపు గుంటలోకి ఉప్పునీళ్ళు పడ్డాయి. బబాయి ఆకులు అప్పుడే అంచుల్లో పండుబారాయి. అమ్మ నాటిన మొక్కలు. పెళ్ళిళ్ళకి, చావులకి తప్ప తవ్వని దుంపలు.

ఆ కుర్రాడు అడక్కుండానే పడవెక్కాడు. గుంట చుట్టూ రాళ్ళు పేర్చడానికి పొద్దుగూకేదాకా మోశాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. "చాల్లేరా, ఓడకి పోయి పడుకో" అంటే "ఓడలో నాకు మంచము తప్ప ఎవరూ లేరు" అన్నాడు. ఆ పాస్టరు భాషలోనే.

ఆ మాట వినీవిననట్టు పడవ తాడు విప్పాను.

మార్చి 19

జ్వరం తగ్గింది. చేతికి ఇంకా పట్టు రాలేదు, అందుకే గీతలు వంకర పోతున్నాయి.

రీటా చెబుతోంది, నాకు ఒళ్ళు తెలియనన్నాళ్ళూ ఆ కుర్రాడే నీళ్ళు కాచాడట, తడిగుడ్డ వేశాడట, ఓడ నుంచి మందు తెచ్చాడట. నేను వాణ్ణి "మికైరే" అని పిలిచానట. వాడు పలికాడట.

"ఎందుకు పలికావురా?" అని అడిగాను.

"పిలిచావు కదమ్మా," అన్నాడు.

ఇన్నాళ్ళూ ఈ పుస్తకంలో ఆ పేరు రాయలేదు. ఇప్పుడు రాశాను కాబట్టి రాసేస్తాను. మికైరే నా కొడుకు. చేపలకి పోయినవాడు, పడవ మోటారు ఆగిపోయిందో ఏమో, మళ్ళీ రాలేదు. అప్పుడు వెతకడానికి ఓడ కావాలని తెవెయా ప్రతి దేశం ఆఫీసు మెట్లూ ఎక్కాడు. అప్పుడు మా వైపు ఏ ఓడా ఖాళీగా లేదు. ఇప్పుడు రెండున్నాయి.

ఏప్రిల్ 6

వాణ్ణి పెంచుకుంటాను. అనేసుకున్నాను. నబెయా తాతతో కూడా చెప్పేశాను.

రీటా మొహం మాడ్చుకుంది. "ఏంటొదినా ఇది? వాడు వాళ్ళ ఓడ మనిషి. నీ చాప మీద కూచోబెట్టుకుంటే రేపు వాడు సొంతవాడవుతాడు. సొంతవాడు నలుగురిలో బుబుటి అని ఏదడిగినా కాదనే మొహం నీకుందా?"

"బుబుటి వాడికేం తెలుసే?"

"తెలియకపోతే నేర్పేవాళ్ళు లేరా? నా కుట్టుమిషను ఏమైందో మర్చిపోయావా? మా పిన్ని కూతురు వచ్చింది, మానియబాలో అందరి ముందూ 'అక్కా, బుబుటి, నాకు నీ మిషనియ్యి' అంది. నోరు మూసుకుని ఇచ్చా. ఇప్పుడు నా లంగా కుట్టుకోవాలంటే దానింటికి పోవాలి."

"నువ్వూ దాన్ని ఏదో ఒకటి అడగాల్సింది."

"దాని దగ్గరేముంది, నెత్తిలో పేలు తప్ప?"

ఇద్దరం పడీపడీ నవ్వాం. నవ్వాక రీటా మళ్ళీ అంది, "నీ దగ్గర బికెనూకా ఉందొదినా" అని.

ఏప్రిల్ 7

అడగడు.

ఏప్రిల్ 14

అయిపోయింది. మానియబాలో మా వంశపు స్తంభం దగ్గర, మా చాప మీద, నా ఎడంపక్క వాణ్ణి కూచోబెట్టాను. ఆ చోటు ఇన్నాళ్ళూ ఖాళీగానే ఉంది. పక్కవాళ్ళు జరగమన్నా జరగలేదు నేను. వాడి తలకి పూదండ నేనే చుట్టాను. మికైరే అని పేరు చెప్పగానే నబెయా తాత కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఏ ఓడవో చూడలేదు.

ఊరంతా ఆడింది, పాడింది. పంది, సీమపనస, కల్లుపాకం పోసిన బబాయి. వాడు ఆడబోయి రెండుసార్లు పడ్డాడు. ఇంత సంతోషం ఈ ఇంట్లో ఎన్నాళ్ళకి! భయం వేస్తోంది కూడా. ఇంత సంతోషమేస్తే నాకెప్పుడూ భయమే.

తెల్ల ఓడ కెప్టెను దూరంగా నుంచుని ఫొటోలు తీశాడు. చాలా తీశాడు.

ఏప్రిల్ 30

మికైరేకి బబాయి మేత, మొక్కకి వేసే ఆకు ఎరువు, నేర్పాను. ఏ ఆకు ఎండబెట్టాలో, దేనితో కలపాలో, మొక్క చుట్టూ మొగలి బుట్ట అల్లి దాంట్లో ఎప్పుడు వెయ్యాలో. ఇది మా ఇంటి మనిషికి తప్ప చెప్పం. రీటాకి కూడా చెప్పలేదు, ఆవిడ పుట్టింటివాళ్ళ మేత వేరు. వాడు ఏదీ రాసుకోలేదు, ప్రతిదీ వాసన చూసి గుర్తుపెట్టుకున్నాడు. ఉప్పునీళ్ళకి చావకుండా మిగిలిన పిలక ఒకటి వాడి చేత నాటించాను.

"ఇది తవ్వేసరికి నీకు మనవలు పుడతారురా," అన్నాను.

వాడు నవ్వుతాడనుకున్నాను. తల వంచుకుని మట్టి నొక్కుతూ ఉండిపోయాడు. ఎండ దెబ్బ అయి ఉంటుంది.

మే 8

మికైరే ఇవాళ బుబుటి అడిగాడు! వాడి చేప తాడు, కత్తి. వాడివి అంటే పోయిన మా వాడు ఇంట్లో వదిలినవి. ఎంత బాగా అడిగాడో. కూచునే పద్ధతి, చూపు కిందికి దించడం, మాట మొదలెట్టే తీరు, ఎక్కడా తప్పు లేదు. పాస్టరు భాష కూడా పోయింది. వెంటనే ఇచ్చేశాను. ఇచ్చాక గుండె తేలికయింది.

ఎవరు నేర్పారని అడిగితే "మావయ్య" అన్నాడు. తెవెయా. రేడియోలో నేర్పాడట.

మంచిదేగా. మేనమామ నేర్పకపోతే ఎవరు నేర్పుతారు?

మే 15

తెవెయా దిగాడు. నాకు కొత్త లాంతరు, రీటాకి పువ్వుల గుడ్డ తెచ్చాడు. దీవి మాటే ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

సాయంత్రం ఒడ్డున వాడూ మికైరే మాట్లాడుకుంటున్నారు. కెప్టెను కూడా ఉన్నాడు. నేను వెళ్ళేసరికి ఆపేశారు. చేపల గురించి అన్నాడు తెవెయా. ఆ చెవులు నాకు తెలుసు. చిన్నప్పుడు అమ్మ దాచిన పాకం దొంగతనంగా తిన్నప్పుడూ అలాగే ఎర్రబడేవి.

చేపల గురించే అయి ఉంటుంది.

మే 18

మికైరే అన్నానికి రాలేదు.

మే 19

రాలేదు. మిషనులో ఏదో పని ఉందని చెప్పి పంపాడు. చేప మూత వేసి ఉంచాను. పిల్లి తినేసింది.

మే 20

నబెయా తాత వచ్చి చెప్పాడు, ఎల్లుండి మానియబాలో సభ. నీ కొడుకు పెట్టమన్నాడు అన్నాడు. వాడేం అడగబోతున్నాడో తాతకి తెలుసు. నా మొహం చూడలేదు.

"తాతా, నేను కాదంటే?"

"కాదను. ఎవరొద్దన్నారు? కానీ మన మానియబాలో బుబుటి కాదన్న మనిషి కూడా ఇంకా పుట్టలేదే. అలా కాదన్నాక మన చాపలకీ, ఓడలో కుర్చీలకీ తేడా ఏముంది? రేపు మీ రీటాని ఎవడన్నా ఉప్పు అడిగినా ఇవ్వదు."

"అయితే దీవి పోయినట్టేనా?"

తాత జేబులో రెండు జతలూ తడుముకున్నాడు గానీ ఏదీ పెట్టుకోలేదు. "వాడు నీ కొడుకైతే నువ్వు వాడికి తల్లివి. అడిగే నోరు వాడొక్కడికే ఉందా?" అన్నాడు.

మే 21

బికెనూకా వెళ్ళాను. ఒక్కదాన్నే. వాడు నాటిన పిలకకి మేత వేశాను. మొక్కదేం తప్పు?

ఏం అడగాలి? నేను అడిగింది వాడు ఇవ్వలేకపోతే, వాడు అడిగింది నేను ఇవ్వక్కర్లేదు. ఓడ అడుగుతాను. నీ తెల్ల ఓడ నాకియ్యిరా మికైరే, బుబుటి, అంటాను. వాడు ఇవ్వలేడు. అందరూ నవ్వుతారు, నవ్వులో అంతా పోతుంది, దీవి ఉంటుంది, వాడూ ఉంటాడు. మర్నాడు అన్నానికొస్తాడు.

అంతే. ఓడ అడుగుతాను. నాన్న పక్కన కూచుని పైకి అని చూశాను కూడా. బాగానే వచ్చింది.

మే 22

రాయాలి. రాయకపోతే రేపటికి నేనే మార్చి గుర్తుపెట్టుకుంటాను.

అందరూ వచ్చారు. తెల్ల ఓడ కెప్టెను అతిథుల వైపు కూచున్నాడు, కాగితాలు మోకాళ్ళ మీద పెట్టుకుని. తెవెయా మా చాప మీదే, నా కుడిపక్క. మికైరే ఎడంపక్క. స్నానం చేసి, తలకి నూనె రాసుకుని వచ్చాడు. నేను చుట్టిన పద్ధతిలోనే దండ చుట్టుకున్నాడు. వాడి ఊపిరి నాకు వినిపిస్తోంది.

వాడు మొదలెట్టాడు. చూపు కిందికి దించి, చేతులు ఒళ్ళో పెట్టుకుని.

"అమ్మా. బుబుటి. నాకు బికెనూకా ఇయ్యి."

ఎవరో ఆడమనిషి "అయ్యో" అంది, రీటాయే అయి ఉంటుంది. తెవెయా గుటక వేసిన చప్పుడు విన్నాను. ఒళ్ళు మండిపోయింది నాకు. వాడి చెంప పగలగొట్టాలనిపించింది. అంతలోనే వాడి చేతులు కనబడ్డాయి, ఒక అరచేతిలో రాళ్ళు మోసినప్పటి మచ్చ.

"అడిగావు," అన్నాను. "సొంతవాడివి, అడిగే హక్కుంది. ఇచ్చే ముందు నేనూ ఒకటి అడుగుతాను. ఇద్దరం ఒకేసారి ఇచ్చుకుందాం."

నబెయా తాత "అడుగు" అన్నాడు.

ఓడ అనబోయాను. నిజంగా. నాలుక చివరే ఉంది ఆ మాట.

"మికైరే, బుబుటి. నువ్వు ఇక్కడే ఉండిపో," అన్నాను. "ఓడ ఎక్కకు. వాళ్ళ బట్టలు వాళ్ళకిచ్చెయ్యి. గుంటలు చూసుకో, నాతో ఉండు, నేను పోయాక నన్ను నాన్న పక్కన పెట్టు. నాకు నువ్వు కావాలి."

ఇది ఎక్కణ్ణించి వచ్చిందో నాకు తెలీదు. కాదు, తెలుసు. ఎన్నాళ్ళనుంచో నోట్లోనే ఉంది.

వాడు తలెత్తాడు. మానియబాలో అలా తల్లి కళ్ళల్లోకి చూడకూడదు, నేర్పాను కూడా, అయినా చూశాడు. ఆ కాసేపూ నాకు ఏమయిందో రాస్తాను. వాడు సరే అంటే బికెనూకా పోయినట్టే. గుంటలు, నాన్న, అమ్మ మొక్కలు, అన్నీ ఆ కాగితాల్లోకి పోతాయి. అది నాకు బాగా తెలుసు. తెలిసీ, సరే అనరా, సరే అను, అని మనసులో మొక్కుకున్నాను. దేవుడు నన్ను క్షమించాలి. నాన్న క్షమించడు.

కెప్టెను అటునుంచి వాళ్ళ భాషలో ఏదో అన్నాడు. చిన్న మాటే.

"అమ్మా," అన్నాడు వాడు. "అది నా చేతిలో లేదు." కెప్టెనుకేసి చూశాడు. "వాళ్ళు నన్ను ఉండనివ్వరు. నేను సంతకం పెట్టాను. నేను... అది నాది కాదు ఇవ్వడానికి."

"నువ్వే నీది కాదురా?" అన్నాను.

వాడు చూపు మళ్ళీ కిందికి దించాడు.

"అయితే బికెనూకా కూడా నాది కాదు నాయనా. కింద ఉన్నవాళ్ళది. నేను చూసుకునేదాన్ని."

తెవెయా "అక్కా, అది వేరు, ఇది వేరు" అని అందుకున్నాడు. నబెయా తాత అరచేత్తో చాప మీద కొట్టాడు.

"అడిగింది ఇయ్యలేనివాడు ఆ చాప మీద కూచోడు," అన్నాడు తాత. కోపంగా అనలేదు. ఇవాళ ఏ అద్దాలూ పెట్టుకోలేదు. "లే అబ్బాయ్."

మికైరే లేచాడు. మా స్తంభం దగ్గర్నుంచి అతిథుల వైపు ఎంత దూరం? పిల్లలు ఒక్క పరుగులో దాటేస్తారు. వాడు నడుస్తుంటే అయిపోలేదు. మధ్యలో ఆగి పూదండ తీయబోయి, తీయకుండా మళ్ళీ నడిచాడు. కెప్టెను పక్కన కూచున్నాడు. అక్కణ్ణించి నాకేసి చూస్తే పరాయివాడిలా కనిపించాడు. ఎవరో ఓడ మనిషి, తలకి పువ్వులు పెట్టుకుని.

నా ఎడంపక్క చాప ఇంకా వెచ్చగానే ఉంది. చెయ్యి వేసి చూశాను.

మే 23

తెల్ల ఓడ లేదు.

మే 24

తెవెయా తరవా పోయాడు. నాతో మాట్లాడలేదు. మంత్రి పదవి పోతే పోయింది, అక్క మీద అలుగుతాడా? అలగనీ.

మిషను గదిలో కత్తి వదిలేసి పోయాడు ఆ కుర్రాడు. చేప తాడు మాత్రం తీసుకుపోయాడు. రీటా గదంతా వెతికింది. నేనే వెతకమన్నాను.

మే 29

ఊళ్ళో అంతా నన్ను మెచ్చుకుంటున్నారు. దీవిని కాపాడావు అంటున్నారు. కాపాడాను. నిజమే కదా, కాపాడాను. ఏడుపెందుకొస్తోందో తెలీదు. బాగానే తింటున్నాను.

చేప ఇంకా ఇద్దరికే వండుతున్నాను, పిల్లి బలిసింది.

జూన్ 2

బూడిద ఓడ ఇంకా ఉంది.

జూన్ 6

టోపీ ఆవిడ వచ్చింది. మళ్ళీ చెయ్యి పట్టుకుంది. మీరు వాళ్ళని తిప్పి పంపారు, చాలా ధైర్యం, ఇప్పుడిక మనం మనం అంది. మనం మనం ఏమిటి అన్నాను. దుబాసీ ఆ మాట ఎలా చెప్పాడో, ఆవిడ ఇంకా గట్టిగా పట్టుకుంది.

నబెయా తాత వాళ్ళ కళ్ళద్దాలు వాళ్ళకిచ్చేశాడు. తెల్ల ఓడవి కూడా ఆవిడ చేతిలోనే పెట్టాడు. ఇప్పుడు గుమ్మం కనిపించక తల కొట్టుకుంటున్నాడు. "నీ వల్లే" అని నన్నే తిడుతున్నాడు.

జూన్ 9

బికెనూకా వెళ్ళాను. వాడు నాటిన పిలక బతికింది. కొత్త ఆకు చుట్ట విప్పుతోంది. ఉప్పు తగిలిన గుంటలో బతకడం గొప్పే. మేత వేశాను, బుట్ట సరిచేశాను. ఇది తవ్వేసరికి నేనుండను.

వాడు ఇప్పుడు ఏ సముద్రంలో ఉన్నాడో. ఆ తాడుతో ఏం చేస్తున్నాడో.

జూన్ 10

పొద్దున చేపలు కడుగుతున్నాను. వెనకనుంచి "అమ్మా" అని వినిపించింది.

తిరిగి చూస్తే ఒక అమ్మాయి. ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి. బూడిద ఓడ బట్టలు. ఎండకి ముక్కు మీద తోలు ఊడింది. ఒక్కతే వచ్చింది, దుబాసీ లేడు. టోపీ ఆవిడ దూరంగా ఒడ్డున నుంచుని, మావైపు చూడనట్టు చూస్తోంది.

"అమ్మా, నన్ను ఊళ్ళో ఉండమన్నారు," అంది ఆ పిల్ల. "ట్యాంకులు చూసుకోడానికి. నాకు మీ భాష ఇంకా బాగా రాదు. మీరు నేర్పిస్తారా?"

బాగా రాదట! మా పక్కింటి పిల్ల మాట్లాడినట్టు మాట్లాడుతోంది. పాస్టరు భాష కూడా కాదు. వీళ్ళకి ఇంకా మంచి పంతులు దొరికాడు.

"నన్ను తెబోరా అని పిలువు," అన్నాను. "అమ్మా అనకు."

"సరేనమ్మా," అని నాలిక కరుచుకుంది. మొహమంతా ఎర్రబడింది.

పోవే అందామనుకున్నాను. నీ ఓడకి పో, మీ ఆవిడతో చెప్పు, ఈ ఇంట్లో ఇవ్వడానికి ఇక ఏమీ లేదని చెప్పు. అన్నీ నోటిదాకా వచ్చాయి. ఆ పిల్ల చేపల గిన్నెకేసి చూస్తోంది. చూడనట్టు నటించడం కూడా రాదు దానికి. ఎప్పుడు తిందో ఏమో, ఎముకలు కనిపిస్తున్నాయి.

గుమ్మంలోనే నుంచోబెట్టాను. చాప వెయ్యలేదు. వెయ్యను కూడా.

"తిన్నావా?" అని అడిగాను.